ల్యాప్‌టాప్ మొరాయించిందా? ఫార్మాట్ అనే ముందు ఇవి చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం, ఆపైది కావాలి. మన ఇళ్లల్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు ఆ లెక్కలో పడవు. అన్న బీటెక్‌లో ఉన్నప్పుడు కొన్నది, ఇప్పుడు చెల్లెలు ఇంటర్ క్లాసులకు వాడుతున్నది... అలాంటివన్నమాట. పారేయడానికి మనసు రాదు, కొత్తది కొనడానికి డబ్బు రాదు. అందుకే కొందరు లినక్స్ వైపు వస్తున్నారు. కొత్తవాళ్లకు సాధారణంగా పెట్టేది లినక్స్ మింట్. ఉచితం. చూడ్డానికి పాత విండోస్‌లాగే ఉంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మీద కూడా నడుస్తుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా తర్వాత వస్తుంది. మింట్ ఎక్కించి ఇచ్చిన మామూ కొడుకు రెండు నెలలకి దుబాయ్ వెళ్లిపోతాడు. ఒకరోజు పొద్దున వైఫై కనిపించదు, లేదా స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపుకి పోతే అక్కడి కుర్రాడు ఒక్క చూపు చూసి, "ఇందులో లినక్స్ ఉంది భాయ్, తీసేసి విండోస్ వేస్తా, ఫార్మాట్ కొట్టాలి" అంటాడు. ఫార్మాట్ అంటే ఏమిటో మనం అడగం, అతను చెప్పడు. ఇంటికొచ్చాక తెలుస్తుంది. ఆపా నికాహ్ ఫొటోలు, టెన్త్ మెమో స్కాన్, అబ్బా పాస్‌పోర్ట్ కాపీ, మూడేళ్ల షాపు లెక్కలు... ఏవీ ఉండవు.

నేను చదివింది బీకాం, కంప్యూటర్ సైన్స్ కాదు. ఇక్కడ చెప్పేవాటికి అంత చదువు అక్కర్లేదు కూడా. ఇంట్లో వాడే లినక్స్‌లో వచ్చే సమస్యల్లో చాలావాటికి ఫార్మాట్ మందు కాదు. జబ్బు ఎక్కడుందో చూడకుండా ఆపరేషన్ చేసినట్టే అది. ముందు చూడాల్సింది ఒక్కటే: తప్పు మెషీన్‌లో ఉందా, సాఫ్ట్‌వేర్‌లో ఉందా?

ఒక మాట ముందే. కింద కొన్ని కమాండ్లు వస్తాయి. ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాం. కంప్యూటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. "మైనస్" అన్నచోట అడ్డగీత పెట్టాలి.

పెన్‌డ్రైవ్ పరీక్ష

మింట్ ఎక్కించడానికి వాడిన పెన్‌డ్రైవ్ ఉంది కదా, దాన్ని పారేయొద్దు, దాని మీద పాటలు ఎక్కించొద్దు. అది ఇంట్లో ఉండాల్సిన మందుల డబ్బా. లేకపోతే తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో ఒకటి తయారు చేయించుకోండి, 8 జీబీది చాలు.

ల్యాప్‌టాప్ ఆపి, ఆ పెన్‌డ్రైవ్ పెట్టి, పవర్ బటన్ నొక్కగానే బూట్ మెనూ కీ టకటకా నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9. ఆసుస్‌లో ఎస్కేప్. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే మింట్ నేరుగా దాని నుంచే నడుస్తుంది. దీన్ని లైవ్ అంటారు. "ఇన్‌స్టాల్" అనే బొమ్మ మీద నొక్కనంతవరకు లోపలి డిస్క్‌లో ఏమీ మారదు, భయం లేదు.

ఇప్పుడు సమస్య ఉందా లేదా చూడండి. లోపలి మింట్‌లో సౌండ్ రావడం లేదు, పెన్‌డ్రైవ్ మింట్‌లో వస్తోంది అంటే స్పీకర్ బాగానే ఉంది, తప్పు సెట్టింగుల్లోనో సాఫ్ట్‌వేర్‌లోనో ఉంది. రెండిట్లోనూ రావడం లేదంటే స్పీకర్, వైరు, లేదా ఆ భాగానికి కావాల్సిన డ్రైవర్ మీద అనుమానం పెట్టుకోవాలి. టచ్‌ప్యాడ్, కీబోర్డ్, వైఫై, కెమెరా అన్నిటికీ ఇదే పద్ధతి. పది నిమిషాల పని. షాపులో ఎవరైనా "మదర్‌బోర్డ్ పోయింది" అన్నప్పుడు మీ దగ్గర ఒక జవాబు ఉంటుంది.

ఈ పరీక్ష కన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. లోపలి మింట్ అసలు లేవకపోయినా, డిస్క్ బతికే ఉంటే, లైవ్‌లో ఫైల్స్ విండో తెరిచి లోపలి డిస్క్ మీద నొక్కి, హోమ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి ఫొటోలన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఎక్కించేటప్పుడు ఎన్‌క్రిప్షన్ పెట్టుంటే మాత్రం దాని పాస్‌వర్డ్ కావాలి. అది లేకపోతే ఎవరూ తెరవలేరు. కాపీ అయిపోయాక ఫార్మాట్ చేసినా ఏం చేసినా మీ ఇష్టం.

లైవ్‌లోనే డిస్క్ ఆరోగ్యం కూడా తెలుస్తుంది. మెనూలో "డిస్క్స్" అనే ప్రోగ్రాం తెరిచి, మీ డిస్క్‌ని ఎంచుకుని, పైన మూడు చుక్కల మీద నొక్కితే "స్మార్ట్ డేటా" అని ఉంటుంది. అందులో రెండు వరసలు చూడండి: రీఅలోకేటెడ్ సెక్టార్ కౌంట్, కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్. ఈ రెండూ సున్నా అయితే నిశ్చింత. సున్నా కాకుండా, వారం వారం పెరుగుతూ ఉంటే డిస్క్ చివరి దశలో ఉంది. లోపలి నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే ఇంకేమీ పరీక్షలు పెట్టకండి, ముందు ఫొటోలు తీసుకోండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని రాత్రంతా స్కాన్ చేయించడం లాంటి పొరపాటు మరోటి లేదు.

డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఒక పాత చిట్కా ఇంకా పనిచేస్తుంది. ఆన్ చేస్తే బీప్ బీప్ అని ఆగిపోతుంటే, ప్లగ్ పీకి, ర్యామ్ స్టిక్ తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. ఎన్ని మెషీన్లు దీంతో లేచాయో రిపేర్ షాపులవాళ్లనే అడగండి.

పాస్‌వర్డ్ కరెక్టే, అయినా లోపలికి పోనివ్వదు

దీన్ని చూసి చాలామంది వైరస్ అనుకుంటారు. పాస్‌వర్డ్ కొడతారు, స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అవుతుంది, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. తప్పు కొడితే తప్పని చెబుతుంది కదా, ఇక్కడ అలా చెప్పదు. ఊరికే తిప్పి బయటికి పంపిస్తుంది.

ఎక్కువసార్లు దీనికి కారణం డిస్క్ నిండిపోవడం. లోపలికి వెళ్లేటప్పుడు సిస్టం కొన్ని చిన్న చిన్న ఫైళ్లు రాసుకోవాలి. చోటు లేకపోతే రాసుకోలేదు, లోపలికి తీసుకోలేదు.

అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అని వస్తుంది. మీ యూజర్ పేరు కొట్టి ఎంటర్, తర్వాత పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డ్ పోయిందనుకోకండి, అది అంతే. లోపలికి వెళ్లాక "డి ఎఫ్" అని రెండక్షరాలు, ఒక స్పేస్, మైనస్, "హెచ్" కొట్టండి. పట్టిక వస్తుంది. కుడి చివర ఒంటరిగా ఏటవాలు గీత ఒక్కటే ఉన్న వరస మీ అసలు డిస్క్. దాని పక్కన నూటికి 100 అని ఉంటే దొంగ దొరికినట్టే.

"సుడో ఆప్ట్ క్లీన్" అని కొడితే అప్‌డేట్ల కోసం దించుకున్న పాత ప్యాకెట్లు పోతాయి, కొంచెం చోటు దొరుకుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 నొక్కి వెనక్కి వచ్చి లాగిన్ అవ్వండి. లోపలికి వెళ్లగానే చెత్తబుట్ట ఖాళీ చేసి, "డిస్క్ యూసేజ్ అనలైజర్" తెరిస్తే చోటంతా ఎవరు తింటున్నారో రంగుల చక్రంలో కనిపిస్తుంది. వాట్సాప్ వెబ్ నుంచి దిగిన వీడియోలు ఎలాగూ ఉంటాయి. ఇంకో పెద్ద తిండిపోతు టైమ్‌షిఫ్ట్.

టైమ్‌షిఫ్ట్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పేరు చూసి మోసపోతారు. అది సిస్టం ఫైళ్లను ఫొటో తీసినట్టు దాచి పెడుతుంది. అప్‌డేట్ తర్వాత ఏదైనా చెడితే నిన్నటి స్థితికి తీసుకెళ్తుంది. చాలా మంచిది, తప్పకుండా పెట్టుకోండి. కానీ మామూలు సెట్టింగుల్లో అది మీ ఫొటోలను, డాక్యుమెంట్లను దాచదు. "టైమ్‌షిఫ్ట్ ఉందిగా, బ్యాకప్ అయిపోయింది" అనుకుంటే అంతే సంగతి. మీ ఫైళ్లకు వేరే హార్డ్‌డిస్క్ కాపీ ఉండాల్సిందే. చిన్న డిస్క్ ఉన్నవాళ్లు టైమ్‌షిఫ్ట్ రెండు మూడు కాపీలకు మించి ఉంచకుండా సెట్ చేసుకోండి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే

బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌ని ప్లగ్ మీదే నడిపే ఇళ్లు ఎన్నో. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయిందంటే సగం ప్యాకేజీలు కొత్తవి, సగం పాతవి అయి కూర్చుంటాయి. తర్వాత ఏది ఎక్కించబోయినా ఎర్రర్. టెర్మినల్ తెరిచి "సుడో డి పి కె జి, మైనస్ మైనస్ కాన్ఫిగర్, మైనస్ ఏ" కొట్టండి. డి పి కె జి అనేది నాలుగక్షరాల ఒకే మాట. సగంలో ఆగిన పనిని అది పూర్తి చేస్తుంది. తర్వాత "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మైనస్ ఎఫ్". చాలాసార్లు ఈ రెండిటితో కుదుటపడుతుంది.

"లాక్ దొరకలేదు" అనే అర్థం వచ్చే ఎర్రర్ వస్తే అది వేరు. అప్‌డేట్ మేనేజర్ వెనకాల తన పని తాను చేసుకుంటోంది, ఇద్దరు ఒకేసారి చేయి పెట్టకూడదు అని చెప్పడం. చాయ్ తాగి రండి. ఆ లాక్ ఫైల్‌ని డిలీట్ చేయమని ఎవరైనా చెబితే వినకండి.

అప్‌డేట్ అయ్యాక స్క్రీన్ నల్లగా మారితే కొత్త కెర్నల్‌కీ మీ గ్రాఫిక్స్ కార్డుకీ పడలేదని అనుమానించాలి. ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లకి ఇది కాస్త ఎక్కువ. ఆన్ చేసేటప్పుడు పాత మెషీన్లయితే షిఫ్ట్ పట్టుకోండి, కొత్తవైతే ఎస్కేప్ నొక్కండి. గ్రబ్ అనే మెనూ వస్తుంది. అందులో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళ్తే పాత కెర్నల్ కూడా ఉంటుంది, తక్కువ నంబరున్నది. దాన్ని ఎంచుకుంటే మెషీన్ నిన్నటిలా లేస్తుంది. లినక్స్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఇది: కొత్తది వచ్చినా పాతదాన్ని వెంటనే పారేయదు. లేచాక డ్రైవర్ మేనేజర్ తెరిచి "రికమెండెడ్" అని ఉన్న ఎన్విడియా డ్రైవర్ వేసుకోండి.

స్క్రీన్ పనిచేస్తూ ఉండగానే బిగుసుకుపోతే పవర్ బటన్ పట్టుకుని చంపేయకండి. మింట్ సినమన్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ నొక్కితే డెస్క్‌టాప్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటాయి. అయినా ఊరుకోకపోతే అప్పుడు పవర్ బటన్.

వైఫై, సౌండ్

వైఫై అసలు కనిపించకపోతే ముందు కీబోర్డ్ మీద విమానం బొమ్మ ఉన్న కీ నొక్కి చూడండి. నవ్వకండి, చాలాసార్లు అదే. కాకపోతే, ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఏ డ్రైవర్ లేకుండానే నెట్ వస్తుంది. ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ లాంటి వైఫై చిప్‌లకు కావాల్సిన డ్రైవర్ తానే చూపిస్తుంది.

పక్కింటి వైఫై కనిపిస్తుంది, మనది కనిపించదు అంటే రౌటర్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉందేమో చూడండి. చాలా పాత ల్యాప్‌టాప్‌లకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుతుంది. ఫైబర్ కనెక్షన్ పెట్టినవాళ్లని అడిగి రెండోది కూడా ఆన్ చేయించుకోండి.

సౌండ్ రాకపోతే సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ ఎటు పోతోందో చూడాలి. టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి తీసేశాక అది టీవీకే పంపుతూ ఉండిపోతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో క్లాసులో కూర్చోగానే టీచర్ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే హెడ్‌సెట్ చెడిపోలేదు. మైక్ వాడగానే బ్లూటూత్ తక్కువ నాణ్యతకి దిగిపోతుంది. ల్యాప్‌టాప్ సొంత మైక్‌ని ఇన్‌పుట్‌గా పెట్టి, హెడ్‌సెట్‌ని వినడానికే వాడితే గొంతు మళ్లీ శుభ్రంగా వస్తుంది.

గడియారం చాలా చెబుతుంది

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకి విచిత్రమైన సమస్య వస్తుంది. లినక్స్ వాడి ఆపి, విండోస్ తెరిస్తే టైమ్ సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి ఉంటుంది. కంప్యూటర్‌లో అజాన్ యాప్ పెట్టుకున్న ఇంట్లో అసర్ దాటాక జొహర్ అజాన్ మొదలవుతుంది. రంజాన్‌లో అయితే ఇక చెప్పక్కర్లేదు, ఇఫ్తార్ టైమ్ కోసం ఆ గడియారాన్ని నమ్మినవాళ్ల పని అంతే.

కారణం చిన్నదే. మదర్‌బోర్డ్ మీద చిన్న గడియారం ఉంటుంది. లినక్స్ అందులో ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తుంది. విండోస్ దాన్నే మన స్థానిక సమయం అనుకుంటుంది. మనకీ ప్రామాణిక సమయానికీ తేడా అయిదున్నర గంటలు కదా, అదే ఇక్కడ కనిపిస్తోంది. లినక్స్ టెర్మినల్‌లో "టైమ్‌డేట్" అని కొట్టి, స్పేస్ లేకుండా దాని వెంటనే సి, టి, ఎల్ చేర్చి, ఒక స్పేస్ ఇచ్చి, "సెట్ మైనస్ లోకల్ మైనస్ ఆర్ టి సి" అని కలిపి కొట్టి, ఇంకో స్పేస్, 1 అంకె పెడితే ఇద్దరూ ఒకే లెక్కకి వస్తారు.

తేడా అయిదున్నర గంటలు కాకుండా ఏళ్లకు ఏళ్లు ఉంటే కథ వేరు. ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి పోతోందంటే మదర్‌బోర్డ్ మీది నాణెం సైజు బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్ 2032. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. తేదీ తప్పుంటే వెబ్‌సైట్లన్నీ "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అంటాయి, ఎందుకంటే వాటి సర్టిఫికెట్ల గడువుని బ్రౌజర్ మీ తేదీతోనే పోల్చి చూస్తుంది. స్కాలర్‌షిప్ సైట్ తెరుచుకోవడం లేదని నెట్‌ని తిట్టే ముందు మూలనున్న తేదీ చూడండి.

రెండు సిస్టంలూ ఉన్నవాళ్లకే ఇంకొకటి. విండోస్ డ్రైవ్‌ని లినక్స్‌లో తెరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి గానీ సేవ్ చేయనివ్వదు. విండోస్ షట్‌డౌన్ అన్నప్పుడు నిజంగా పూర్తిగా ఆగదు, తొందరగా లేవడం కోసం సగం నిద్రలో ఉంటుంది. దీన్ని ఫాస్ట్ స్టార్టప్ అంటారు. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తే శాశ్వతంగా వదులుతుంది. డ్రైవ్ తెరవగానే 48 అంకెల కీ అడిగితే అది బిట్‌లాకర్ తాళం. విండోస్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందేమో వెతకండి. లినక్స్ ఎక్కించే ముందే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

ప్రింటర్, జిరాక్స్ షాపు

ఇక్కడ నిజం చెప్పాలి, లినక్స్‌లో అన్నీ పూలబాట కాదు. మన దగ్గర ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే పాత లేజర్ ప్రింటర్లు రెండు: హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కానన్ ఎల్‌బీపీ 2900.

హెచ్‌పీ 1020 ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ దానికి ఒక చిన్న ప్రోగ్రాం పంపాలి. లేకపోతే అది రాయిలా కూర్చుంటుంది. మింట్‌లో హెచ్‌పీ సాఫ్ట్‌వేర్ ముందే ఉంటుంది గానీ ఈ ముక్క ఉండదు. నెట్ ఉన్నప్పుడు టెర్మినల్‌లో "హెచ్ పి మైనస్ ప్లగిన్" కొట్టి, అడిగిన వాటికి సరే అంటూ పోతే దిగుతుంది. ఎమ్ 1005కి కూడా ఇదే మందు.

కానన్ 2900 మాత్రం తలనొప్పి. అది కానన్ సొంత భాషలో మాట్లాడుతుంది, దానికి లినక్స్ డ్రైవర్ పాతది, ఎక్కించడం చికాకు పని. ఓపిక ఉన్నవాళ్లు చేస్తారు. రోజూ ప్రింట్లు కావాల్సిన ఇల్లయితే ఆ ప్రింటర్ కోసం ఒక విండోస్ మెషీన్ ఉంచుకోమనే నేను చెబుతాను. వైఫై ఉన్న కొత్త ప్రింటర్లయితే చాలావరకు డ్రైవర్ అడగకుండానే కలుస్తాయి.

నిన్నటిదాకా బాగా పనిచేసి ఈరోజు ప్రింట్ రావడం లేదంటే డ్రైవర్ జోలికి పోవద్దు. కాగితం ఇరుక్కున్నప్పుడు సిస్టం ప్రింటర్‌ని ఆపేసి ఊరుకుంటుంది. ప్రింటర్స్ విండోలో దాని మీద కుడి క్లిక్ చేసి "ఎనేబుల్డ్" దగ్గర టిక్ పెట్టండి, ఇరుక్కున్న పాత జాబ్ తీసేయండి.

ఇంట్లో ప్రింటర్ లేనివాళ్లకి పెన్‌డ్రైవ్, జిరాక్స్ షాపు. హాల్ టికెట్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే షాపులో ఫైల్ తెరుచుకోదు. లినక్స్ కాపీ అయిపోయిందని చూపించినా కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండి, మెల్లగా పెన్‌డ్రైవ్‌కి చేరుతూ ఉంటుంది. పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, తీయవచ్చని చెప్పేదాకా ఆగండి. పరీక్ష రోజు పొద్దున ఆ అర నిమిషమే తేడా తెస్తుంది. అలాగే, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు డిలీట్ చేసినా చోటు పెరగకపోతే అవి అందులోనే కనిపించని చెత్తబుట్టలో ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టి ఉంచే చెత్తబుట్ట ఖాళీ చేయాలి.

ఉర్దూ, తెలుగు

మన ఇళ్లకే ప్రత్యేకమైన సమస్య ఇది. కొత్తగా మింట్ ఎక్కించాక ఉర్దూ పేపర్ తెరిస్తే అక్షరాలు వస్తాయి, కానీ నస్తాలీఖ్‌లో రావు. అరబీ పుస్తకంలా నస్ఖ్‌లో వస్తాయి. పిల్లలకి పట్టదు గానీ నానీ రెండు లైన్లు చదివి పక్కన పెట్టేస్తుంది. నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఉచిత ఫాంట్ దించుకుని, ఫైల్ మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అనండి. జమీల్ నూరీ నస్తాలీఖ్ ఫైల్ ఉంటే అదీ ఇలాగే ఎక్కుతుంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో ఫాంట్స్, అడ్వాన్స్‌డ్ లోకి వెళ్లి అరబిక్ లిపికి ఆ ఫాంట్ పెడితే, సొంత ఫాంట్ లేని సైట్లు కూడా నస్తాలీఖ్‌లో కనిపిస్తాయి.

టైపింగ్‌కి కీబోర్డ్ సెట్టింగుల్లో లేఅవుట్స్‌లోకి వెళ్లి ఉర్దూ ఫొనెటిక్ చేర్చుకోండి. తెలుగుకి మామూలు తెలుగు లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. కగప ఫొనెటిక్ అని ఇంకోటి ఉంది, ఇంగ్లిష్ అక్షరాల శబ్దంతో కొట్టేవాళ్లకి అది తేలిక. తెలుగు ఫాంట్లు ఎక్కువ కావాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో "ఫాంట్స్ తెలు" అని వెతకండి. పోతన, వేమన లాంటివి దొరుకుతాయి.

లిబ్రే ఆఫీస్‌లో ఉర్దూ పేరా ఎడమ నుంచి మొదలై కామాలు, అంకెలు తారుమారైతే టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లో "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" దగ్గర టిక్ పెట్టండి. అప్పుడు కుడి నుంచి ఎడమకి రాసే బటన్ వస్తుంది.

ఇన్‌పేజ్ ఫైళ్లు మాత్రం లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకోవు. పెళ్లి కార్డు, మస్జిద్ కమిటీ కరపత్రం ఇన్‌పేజ్‌లో చేయించుకున్నవాళ్లు డీటీపీ అతన్ని పీడీఎఫ్ కూడా అడిగి తీసుకోండి. అను ఫాంట్లలో చేసిన పాత తెలుగు ఫైళ్లదీ అదే కథ. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఫైల్ పాడైందని డిలీట్ చేయకండి, అది యూనికోడ్ కాదు, అంతే. ఇంట్లో టాలీ మీద షాపు లెక్కలు నడుపుతుంటే ఆ ఒక్క మెషీన్‌ని లినక్స్‌కి మార్చకండి. టాలీ విండోస్ కోసం చేసింది. బీకాం చదివినవాడిగా ఈ ఒక్క విషయంలో గట్టిగానే చెబుతున్నా.

ఎవరినైనా అడగాల్సి వస్తే

"లినక్స్ పనిచేయడం లేదు" అంటే దుబాయ్‌లో ఉన్న ఆ మామూ కొడుకు కూడా ఏం చెప్పలేడు. ఎర్రర్ మెసేజ్‌ని ఫోన్‌తో ఫొటో తీయండి. మెషీన్ లేస్తుంటే మెనూలో "సిస్టమ్ రిపోర్ట్స్" తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కాపీ నొక్కి వాట్సాప్‌లో పంపండి. ప్రాసెసర్, వైఫై చిప్, గ్రాఫిక్స్ కార్డు, కెర్నల్ నంబరు అన్నీ అందులో ఉంటాయి. చివరిగా ఏం చేశాక ఇలా అయిందో ఒక వాక్యం రాయండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ చాలా ఏళ్లుగా తెలుగులో లినక్స్ కోసం పనిచేస్తోంది, అలాంటివాళ్లని అడిగినా ముందు కోరేది ఈ వివరాలే.

యూట్యూబ్‌లోనో ఎక్కడో కనిపించిన కమాండ్‌ని అర్థం తెలియకుండా కొట్టొద్దు, ముఖ్యంగా "సుడో"తో మొదలయ్యేవి. సుడో అంటే ఇంటి తాళాలన్నీ చేతికిచ్చినట్టు. ఆర్, ఎమ్ అనే రెండక్షరాలు కనిపిస్తే అది తుడిచేసే కమాండ్, అక్కడ రెండుసార్లు ఆగండి. ఫోన్ చేసి రిమోట్ యాప్ వేసుకోమనే "సపోర్ట్" వాళ్లని అసలు నమ్మొద్దు. లినక్స్ మింట్ నుంచి మీకు ఎవరూ ఫోన్ చేయరు.

ఇక షాపుకి పోక తప్పదంటే ముందు పెన్‌డ్రైవ్‌తో ఫొటోలు కాపీ చేసుకోండి. డిస్క్ తీసి ఇవ్వగలిగితే మరీ మంచిది. స్క్రీన్, కీబోర్డ్, ఛార్జింగ్ పిన్ లాంటి రిపేర్లకు డిస్క్ అక్కర్లేదు, అవతలివాళ్లు తమ డిస్క్‌తో పరీక్షించుకోగలరు. తీయలేకపోతే ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాల్లో "ఇందులో డేటా ఉంది, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు" అని రాసి, కింద మీ ఫోన్ నంబరు వేసి, ల్యాప్‌టాప్ మూత మీద టేపుతో అంటించండి. ఆ కాగితాన్నీ ల్యాప్‌టాప్‌నీ కలిపి ఒక ఫొటో తీసుకుని, రసీదు మీద కూడా అదే మాట రాయించుకోండి.